సైకిలుకు సరిపోయే సామాను సంచి ఎంచుకోవడం ఎలా? గోదావరి డెల్టా దారులకు సమగ్ర మార్గదర్శి

రోజూ సైకిలు మీద ఆఫీసుకు వెళ్లేవాళ్లు, ఆదివారం పొద్దున్నే కాలువ గట్ల మీద తిరిగేవాళ్లు, రాజమహేంద్రవరం నుంచి అంతర్వేది దాకా తొక్కుదామనుకునేవాళ్లు, అందరూ అడిగేది ఒకటే: "ఏ బ్యాగు కొనమంటారు?" దానికి జవాబు చెప్పాలంటే ముందు మూడు సంగతులు తేలాలి. సామాను ఎంత బరువు, సైకిలు ఏ రకం, దారి ఎలాంటిది. ఇవి తేలకుండా కొన్న బ్యాగు ఎంత ఖరీదైనదైనా నెల తిరగకుండా అటక ఎక్కుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన డెల్టాలో ఎక్కవలసిన కొండలు లేవు. ఉక్కపోత మాత్రం ఏడాదిలో చాలా నెలలు వదలదు. కాబట్టి ఇక్కడ బరువు మోయవలసింది సైకిలే, మన వీపు కాదు. వీపు సంచి తప్పని సందర్భాలు కొన్ని ఉన్నాయి. వాటి గురించి నాలుగో అంచెలో చెబుతాను.

1. ముందు సామాను తూచండి

రోజూ తీసుకెళ్లే వస్తువులన్నీ మంచం మీద పరవండి. వాటిని ఒక గోనెలో వేసి కిరాణా కొట్టు కాటా మీద తూచినా సరే, ఇంట్లో మనుషులు తూగే మెషీను ఉంటే సంచితో ఒకసారి, సంచి లేకుండా ఒకసారి ఎక్కి తేడా చూసుకున్నా సరే. అంచనాతో సరిపెట్టుకోకండి. లీటరు నీళ్లు అంటేనే కిలో. ఛార్జరుతో కలిపి ల్యాప్‌టాప్ సుమారు రెండు కిలోలు. స్టీలు క్యారేజీ, రెయిన్‌కోటు, తాళం, పంపు చేరేసరికి "ఏమీ లేదండీ, చిన్న బ్యాగే" అనుకున్నది ఆరేడు కిలోలు తూగుతుంది.

తూచాక సామానును మూడు కుప్పలు చేయండి:

- దారిలో చేతికి అందాల్సినవి: ఫోను, డబ్బులు, నీళ్లు, రెయిన్‌కోటు
- దిగాక గానీ అక్కర్లేనివి: బట్టలు, ల్యాప్‌టాప్, కాగితాలు
- ఎప్పుడూ సైకిలుతోనే ఉండాల్సినవి: అదనపు ట్యూబు, పంచరు సామాను, పానాలు

మూడో కుప్పను సీటు కింద వేలాడే చిన్న సంచిలో పడేసి ఇక మరిచిపోవచ్చు. మిగతా రెండింటి కోసమే ఈ ఆలోచనంతా.

2. తర్వాత సైకిలును చూడండి

సంచి కొనడానికి వెళ్లే ముందు సైకిలును స్టాండు వేసి వెనకనుంచి పరిశీలించండి.

- క్యారియర్ ఉందా? ఉంటే దాని మీద బరువు పరిమితి ముద్రించి ఉందా? అల్యూమినియం క్యారియర్లలో చాలావాటి మీద 25 కిలోలని ఉంటుంది.
- లేకపోతే, వెనక ఇరుసు పక్కనా సీటు కింది కమ్మీల మీదా బోల్టులు పట్టే మరరంధ్రాలు ఉన్నాయా? ఉంటే ఏ షాపులోనైనా క్యారియర్ బిగిస్తారు.
- డిస్కు బ్రేకు ఉందా? ఉంటే క్యారియర్ కాలు బ్రేకుకు తగలకుండా అదనపు వాషర్లు గానీ, డిస్కు బ్రేకుల కోసమే చేసిన క్యారియర్ గానీ కావాలి.
- వెనక స్ప్రింగు సస్పెన్షన్ ఉందా? దానికి మామూలు క్యారియర్ కుదరదు. సీటు రాడ్డును పట్టుకుని వేలాడే క్యారియర్లు ఉన్నాయి గానీ, వాటికి పది కిలోలు దాటించకపోవడం మంచిది.
- పై కమ్మీ లేని సైకిలా? అయితే ఫ్రేము మధ్య కట్టే సంచి గురించి ఆలోచించనక్కర్లేదు.
- మడ్‌గార్డులు ఉన్నాయా? వానలో పైనుంచి పడే నీటికన్నా టైరు చిమ్మే బురదనీరే సంచిని ఎక్కువ పాడుచేస్తుంది. అవి లేకపోతే సంచికన్నా ముందు వాటిని కొనండి.

పాత నల్ల సైకిలు ఉన్నవాళ్లు చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. దాని ఇనప క్యారియర్ గట్టిది. మడ్‌గార్డులు, చైను కవరు దానితోనే వస్తాయి. సామాను మోయడానికి గేర్ల సైకిలుకన్నా అదే నయం.

3. ఏ బరువుకు ఏ చోటు

మూడు కిలోల లోపు, అరగంట లోపు ప్రయాణం: వీపు సంచి అయినా సరిపోతుంది.

మూడు నుంచి ఎనిమిది కిలోలు: క్యారియర్ పక్కన వేలాడే సంచి ఒకటి. రోజూ పనికి వెళ్లేవాళ్లలో ఎక్కువమందికి ఇదే సరైనది.

అంతకు మించితే: రెండు పక్కలా రెండు సంచులు.

హ్యాండిల్ ముందు కట్టే సంచికి రెండు మూడు కిలోలే హద్దు. అంతకు మించి పెడితే మలుపులో హ్యాండిల్ బరువుగా తిరుగుతుంది, ముందు లైటు కూడా మరుగున పడుతుంది. ముందు బుట్టకూ ఇదే లెక్క. నడుముకు కట్టుకునే చిన్న సంచి ఫోనుకూ డబ్బులకూ బాగుంటుంది, అంతకన్నా ఆశించకండి. ఫ్రేము మధ్య త్రికోణపు సంచిలో పానాలు, బ్యాటరీ వంటి చిన్నవే గానీ బరువైన వస్తువులు పెట్టుకోవచ్చు. మోకాళ్లకు రాసుకుంటే అది లావు ఎక్కువైనట్లు.

క్యారియర్ పైన పెట్టెలా కూర్చునే సంచి చూడటానికి ముచ్చటగా ఉంటుంది, కానీ బరువంతా ఎత్తులో చేరుతుంది. బట్టలకు సరే, నీళ్ల సీసాలకు వద్దు.

బరువు ఎక్కడ ఉండాలో తెలియాలంటే రావులపాలెం, కొత్తపేట వైపు తెల్లవారుజామున పాలు పోసే వాళ్ల సైకిలును దగ్గరగా చూడండి. క్యారియర్‌కు రెండు పక్కలా ఇనప కొక్కేలకు క్యాన్లు వేలాడుతుంటాయి. వాటి అడుగు ఇంచుమించు చక్రం ఇరుసు ఎత్తులో ఉంటుంది. క్యాను ఊగకుండా పాత ట్యూబు ముక్కతో చట్రానికి బిగించి ఉంటుంది. ఒక క్యానే ఖాళీ చేస్తే సైకిలు ఒరుగుతుందని రెండింటిలోంచీ మార్చి మార్చి పోస్తారు. బరువు కిందికి, ఇరుసుకు దగ్గరగా, రెండు పక్కలా సమానంగా, కదలకుండా ఉండాలి. దుకాణంలో ఏ సంచి చేతికి తీసుకున్నా ఈ నాలుగు కుదురుతాయా అన్నదే చూడండి.

4. వీపు సంచి తప్పదంటే

సైకిలు దిగి బస్సో రైలో ఎక్కేవాళ్లకు, నలిగేవి పగిలేవి తీసుకెళ్లేవాళ్లకు వీపు సంచే మేలు. గతుకుల్లో క్యారియర్ మీద ఎగిరిపడే వస్తువు వీపు మీద అంతగా అదరదు. కెమెరా అయినా, ఆత్రేయపురం పూతరేకుల పెట్టె అయినా వీపు మీదే భద్రం.

కొనేటప్పుడు చూడవలసినవి:

- తల వంచితే మెడ వెనక పొడుచుకొచ్చే ఎముక నుంచి తుంటి ఎముక పైఅంచు దాకా టేపుతో కొలవండి. సంచి వీపు భాగం ఆ కొలతకు దగ్గరగా ఉండాలి. మనిషి పొడవును బట్టి కాదు, వీపు పొడవును బట్టి కొనాలి.
- ఛాతీ పట్టీ, నడుము పట్టీ రెండూ ఉండాలి. నడుము పట్టీ పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద కూర్చోవాలి.
- సైకిలు తొక్కే భంగిమలో వంగి, తల ఎత్తి ముందుకు చూడండి. హెల్మెట్ వెనక భాగం సంచికి తగిలితే ఆ సంచి వద్దు.
- వీపుకూ సంచికీ మధ్య గాలి ఆడేలా బిగుతైన జాలీ ఉన్నది ఎంచుకోండి. చెమట పూర్తిగా ఆగదు గానీ చొక్కా పిండే పరిస్థితి రాదు.
- ఒంటి భుజం సంచులు వద్దు. తొక్కుతుంటే ముందుకు జారి మోకాలికి అడ్డం వస్తాయి.

బడి పిల్లల సంగతి వేరుగా చెప్పాలి. పదో తరగతి దాకా పుస్తకాల సంచి విద్యార్థి బరువులో పదో వంతు దాటకూడదని 2020 నాటి కేంద్ర పాఠశాల సంచి విధానం చెబుతోంది. అంతకు లోబడిన సంచి అయినా సైకిలు తొక్కేటప్పుడు క్యారియర్ మీదికి మార్చండి. పట్టీలను లోపలికి మడిచి, రెండు వరసల ట్యూబు తాడుతో అడ్డంగానూ నిలువుగానూ కట్టాలి. క్యారియర్ స్ప్రింగు క్లిప్పు ఒక్కదాన్నే నమ్ముకుంటే మొదటి గతుకుకే సంచి పక్కకు జారుతుంది.

5. పక్క సంచిని పరీక్షించే వరుస

డబ్బు ఎక్కువ పెట్టేదీ, పొరపాట్లు ఎక్కువ జరిగేదీ ఇక్కడే. వీలైతే సైకిలును దుకాణానికి తీసుకెళ్లండి.

మొదట మడమ పరీక్ష. సంచి తగిలించి, ఎవరినైనా సైకిలు పట్టుకోమని, ఎక్కి కూర్చోండి. పాదం ముందుభాగం పెడలు మీద ఉంచి మెల్లగా వెనక్కి తిప్పండి. పెడలు బాగా వెనక్కి వచ్చినప్పుడు మడమకూ సంచికీ మధ్య కనీసం రెండు వేళ్ల సందు ఉండాలి. లేకపోతే కొక్కేలను వెనక్కి జరిపి మళ్లీ చూడండి. అయినా తగిలితే ముందువైపు కింది మూల కోసినట్టు ఏటవాలుగా ఉన్న సంచి కావాలి. పాదాలు పెద్దవైన వాళ్లకు ఈ పరీక్ష మరీ ముఖ్యం.

రెండోది కొక్కేలు. మీ క్యారియర్ కమ్మీ లావుకు అవి సరిగ్గా పట్టాలి. వదులుగా ఉంటే టకటకమంటాయి, బిగుతుగా ఉంటే సగమే దిగుతాయి. తగిలించాక సంచిని కిందనుంచి పైకి ఒక్క గుద్దు గుద్దండి. ఊడి వచ్చిందంటే రోడ్డు మీదా ఊడుతుంది. కింద చట్రాన్ని పట్టుకునే మూడో కొక్కెం ఉండి తీరాలి. అది లేకపోతే మలుపులో సంచి బయటికి ఊగుతుంది.

మూడోది వీపు పలక. చక్రం వైపు గట్టి పలక లేని మెత్తని సంచి బరువు పడగానే లోపలికి ఉబ్బి చువ్వలకు రాసుకుంటుంది. బొటనవేలితో నొక్కి చూడండి.

నాలుగోది నీరు. నీటిని కాసేపు ఆపే గుడ్డ వేరు, నీరు చొరబడని సంచి వేరు. జిప్పు ఉన్న సంచుల్లో చాలావరకు మొదటి రకమే. మూతి మడిచి బకిల్ పెట్టే సంచి, అతుకులు కుట్టకుండా వేడితో అంటించినదైతే, మన నైరుతి వానలకు తట్టుకుంటుంది. మూతి కనీసం మూడు మడతలు పడాలి. అంచులదాకా కుక్కి ఒక్క మడతతో సరిపెడితే ఎంత మంచి సంచి అయినా కారుతుంది. ఇంటికి తెచ్చాక లోపల పాత దినపత్రికలు పెట్టి, మూసి, పైపు నీళ్లు ఐదు నిమిషాలు పట్టండి. కాగితం ఎక్కడ తడిసిందో అక్కడే లోపం. బిల్లు ఉండగానే ఈ పరీక్ష చేయాలని వేరే చెప్పక్కర్లేదు.

చివరగా రంగు, మెరిసే పట్టీ. లంక గ్రామాల వైపు చీకటి పడ్డాక దారి దీపాలు అంతంతమాత్రమే. వెనక నుంచీ పక్క నుంచీ వెలుతురుకు మెరిసే పట్టీ ఉన్న సంచి తీసుకోండి. నల్ల సంచి మీద మనసు పడితే మెరుపు టేపు కొని అతికించండి.

6. కొనకుండా కుట్టించుకోవాలంటే

మండపేట, తణుకు, అమలాపురం వంటి ఏ ఊళ్లోనైనా మోటారు సైకిలు సీట్లకు రెగ్జిన్ కవర్లు కుట్టేవాళ్లు దొరుకుతారు. పనితనం ఉన్న మనిషికి కొలతలు సరిగ్గా ఇస్తే కొన్న సంచికి తీసిపోనిది కుట్టి ఇస్తారు. రెండు సంచులను పైన వెడల్పు పట్టీతో కలిపి క్యారియర్‌కు అటూ ఇటూ వేలాడేలా జోడు సంచిగా చేయించుకోవడం తేలిక. కొక్కేల బాధ ఉండదు. ఒకదాన్ని విడిగా తీసుకెళ్లలేకపోవడం ఒక్కటే లోటు.

దర్జీకి చెప్పవలసినవి:

1. ఒక్కో సంచి ఎత్తు 38, వెడల్పు 30, మందం 15 సెంటీమీటర్లు. సుమారు 17 లీటర్లు పడుతుంది. అడుగు మందం తగ్గించవద్దనండి.
2. ముందువైపు కింది మూల మడమకు తగలకుండా ఏటవాలుగా కోయాలి. ఏ సంచి కుడిదో ఏది ఎడమదో సుద్దముక్కతో గుర్తు పెట్టి ఇవ్వండి. లేకపోతే రెండూ ఒకే వైపువి తయారవుతాయి.
3. చక్రం వైపు లోపల పలక దూర్చడానికి జేబు కావాలి. పలకకు పాత ప్లాస్టిక్ షీటు గానీ పలచని ప్లైవుడ్ గానీ చాలు. మూలలు గుండ్రంగా అరగదీయండి.
4. పట్టీలు కుట్టే చోట అడ్డంగా ఒక కుట్టు కాకుండా చతురస్రం వేసి మధ్యలో ఇంటూ గుర్తులా కుట్టాలి. బరువు ఆగేది ఆ కుట్టు మీదే.
5. మూతి పైన మూడు మడతలకు సరిపడా అదనపు గుడ్డ వదలాలి.
6. కింద సంచిని చట్రానికి బిగించే పట్టీ, బకిల్ ఉండాలి.

సూది రంధ్రాల గుండా నీరు దిగుతుంది. రెగ్జిన్ అయినా టార్పాలిన్ అయినా ఇది తప్పదు. అందుకని లోపల మందపాటి పాలిథిన్ సంచి వేసి సామాను అందులో పెట్టండి. అడుగున రెండు ఇత్తడి కన్నాలు కొట్టిస్తే చేరిన నీరు కారిపోతుంది.

7. సర్దే వరుస

అడుగున రెండు వేళ్ల మందం స్పాంజి. దాని మీద బరువైనవి, చక్రం వైపు పలకకు ఆనించి. ల్యాప్‌టాప్ మెత్తని కవరులో నిలువుగా, పలక పక్కనే. బట్టలు బయటి వైపు. అన్నిటికన్నా పైన రెయిన్‌కోటు, ఎందుకంటే వాన ముందు చెప్పి రాదు.

క్యారేజీని ఎప్పుడూ నిలువుగా, మూతకు రబ్బరు పట్టీ వేసి, విడి కవరులో పెట్టండి. పులుసు ఒలికిన ఫైళ్లను ఏ అధికారీ హర్షించడు. చేపలకు మాత్రం వేరే సంచి ఉండాల్సిందే. పులస కొన్న రోజున ఆఫీసు సంచిలో వేసుకొచ్చారంటే ఆ వాసన వచ్చే సీజను దాకా మీతోనే తిరుగుతుంది.

ఒక్క సంచే ఉంటే ఎడమ వైపు తగిలించండి. కుడిపక్క నుంచి దాటే వాహనాలకు అది దూరంగా ఉంటుంది. రెండు సంచులైతే రెంటినీ తూచి తేడా కిలో లోపు ఉండేలా సర్దండి.

బయల్దేరే ముందు:

- వేలాడే పట్టీల కొసలన్నీ మడిచి దోపారా?
- వెనక లైటు, ఎర్ర రిఫ్లెక్టరు సంచి వెనక దాగిపోలేదు కదా?
- క్యారియర్ బోల్టులు బిగుతుగా ఉన్నాయా?
- వెనక టైరులో గాలి సరిపడా ఉందా? టైరు పక్కన ముద్రించిన గరిష్ఠం దాటకూడదు.
- వెనక స్టాండు కాళ్లు ఎత్తినప్పుడు సంచికి రాసుకోవడం లేదు కదా?

8. అసలు సామానుకు ముందు బియ్యంతో ప్రయాణం

మీ సామాను ఎంత తూగిందో అంత బియ్యం పొట్లాలు కట్టి సంచిలో వేసి, ఊరి చివర దాకా వెళ్లి రండి. బ్రేకు వేసి చూడండి, ఆగే దూరం పెరుగుతుంది. వేగ నిరోధకం మీదికి మెల్లగా ఎక్కించండి. తిరిగొచ్చాక బోల్టులు, కొక్కేలు మళ్లీ చూడండి. కొత్త క్యారియర్ బోల్టులు మొదటి ప్రయాణంలోనే కొద్దిగా వదులవుతాయి.

9. ఇబ్బందులు, సవరణలు

*హ్యాండిల్ వణుకుతోంది.* బరువు బాగా వెనక్కి గానీ ఎత్తులోకి గానీ పోయింది. సంచిని మడమ తగలనంత మేరకు ముందుకు జరపండి, బరువైనవి అడుగుకు మార్చండి. తగ్గకపోతే క్యారియర్ బోల్టులు చూడండి.

*కొక్కేలు టకటకమంటున్నాయి.* కమ్మీకి పాత ట్యూబు ముక్క చుట్టండి. చప్పుడు పోతుంది, కమ్మీ రంగూ నిలుస్తుంది.

*వెనక చక్రం చువ్వలు తరచూ తెగుతున్నాయి.* తెగినదాన్ని మార్చడంతో సరిపెట్టకండి. చక్రం మొత్తం సరిచేయించి, బరువు తగ్గించండి.

*వాన కవరు గాలికి ఉబ్బుతోంది.* యానాం, ఎదుర్లంకల మధ్య వంతెన లాంటి చోట గాలి అడ్డంగా కొడుతుంది. ఉబ్బిన కవరు తెరచాపలా సైకిలును పక్కకు లాగుతుంది. కవరు మీదుగా ట్యూబు తాడు ఒక చుట్టు వేయండి. వంతెన ఎక్కే ముందు క్యారియర్ మీద ఎత్తుగా ఉన్నదాన్ని దించి పక్క సంచుల్లో సర్దండి.

*గట్టు మీద నిలబెడితే పడిపోతోంది.* తడి ఒండ్రుమట్టిలో ఒంటికాలి స్టాండు దిగబడుతుంది. దాని కింద చదునైన చెక్కముక్క పెట్టండి. సంచి పట్టీలో ఎప్పుడూ ఒక ముక్క దోపి ఉంచుకుంటే వెతుక్కోనక్కర్లేదు.

*రేవు దగ్గర తిప్పలు.* కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం వైపు, సఖినేటిపల్లి నుంచి నరసాపురం వైపు పంటు (నది దాటించే పెద్ద పడవ) ఎక్కేటప్పుడు పలకల వాలు మీద బరువైన సైకిలును ఒంటరిగా తొయ్యడం కష్టం. ముందు సంచులు ఊడదీసి భుజాన వేసుకుని, తర్వాత సైకిలు ఎక్కించండి. ఒక్క చేత్తో ఊడే కొక్కేలు, భుజానికి తగిలించే పట్టీ ఉన్న సంచి విలువ అక్కడ తెలుస్తుంది. జోడు సంచి వాళ్లు మాత్రం తోటివాళ్ల సాయం అడగాలి.

*వరద రోజుల్లో.* లంక గ్రామాల కాజ్‌వేల మీద నీరు పారుతుంటే నీరు చొరబడని సంచి ఉందన్న ధైర్యంతో దిగకండి. రెండు పక్కలా సంచులున్న సైకిలును ప్రవాహం ఇంకా తేలిగ్గా నెడుతుంది.

10. సముద్రం వైపు వెళ్లి వచ్చాక

అంతర్వేది, ఓడలరేవు తీరాల ఉప్పుగాలి ముందు జిప్పులను, ఇనప బకిళ్లను పట్టుకుంటుంది. ఇల్లు చేరగానే సంచిని మంచినీళ్లతో కడిగి, పాత పళ్ల బ్రష్షుతో జిప్పు పళ్లు తోమండి. ఆరాక కొవ్వొత్తి రాస్తే మళ్లీ జారుగా నడుస్తుంది.

సంచిని తిరగేసి నీడలో ఆరబెట్టండి. మండుటెండలో రెగ్జిన్ పగులుతుంది. లోపల తేమ ఉండగానే మూతి కట్టి దాస్తే వారంలోనే బూజు. స్పాంజిని బయటికి తీసి విడిగా ఆరనివ్వండి, అడుగున పేరుకున్న చీమల తిండిని దులపండి, మూతి తెరిచే మేకుకు తగిలించండి.